ఫోటో తీసేది మనమే, ఫోటోలో లేనిదీ మనమే

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ ఫోటోల గురించి మీతో నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. "ఫోటోల గురించి చెప్పడానికేముందమ్మా, సెల్‌ఫోను చేతిలో ఉండనే ఉంది, నొక్కితే ఫోటో పడుతుంది" అంటారేమో. నేనూ అలాగే అనుకునేదాన్ని. అలా అనుకుని మా ఇంట్లో ఏం పోగొట్టుకున్నామో ముందు చెబుతాను. ఆ తర్వాత మెళకువల సంగతి చూద్దాం.

మేం కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాం. మామగారు పోయాక మా అత్తమ్మ సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి మా దగ్గరికి వచ్చేశారు. పుట్టిన దగ్గర్నుంచీ నేలమీద నడిచిన మనిషి. తొమ్మిదో అంతస్తులో ఏం తోస్తుంది పాపం! పొద్దున్నే బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మా ఎదురుగా అప్పట్లో ఖాళీ స్థలం ఉండేది. అందులో పెద్ద బండరాళ్ల గుట్ట. ఒక బండమీద ఇంకో బండ, దాని పక్కన చిన్న రాళ్లు. అత్తమ్మ దానికి 'పొదిగే కోడి' అని పేరు పెట్టారు. "చూడు బిడ్డా, కోడి ఎట్ల కూసున్నదో! కింద గుడ్లు చూడు" అని మా అమ్మాయికి చూపించేవారు. నిజమే, ఆవిడ చెప్పాక మాకూ కోడిలాగే కనిపించేది.

నేనేమో ఫోను పట్టుకుని ఎప్పుడూ ఏదో ఒకటి తీస్తూనే ఉండేదాన్ని. కొత్తగా చేసిన వంట, కొత్తగా కొన్న చీర, పిల్లదాని స్కూలు నాటకం. అత్తమ్మ వైపు తిప్పితే మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "నా మొఖం ఏం దీస్తవే, పిల్లది దియ్యి" అనేవారు. పోనీలే, మరెప్పుడైనా తీద్దామనుకునేదాన్ని. ఎదురుగా ఉన్న గుట్ట సంగతైతే అసలు తట్టనే లేదు. రాయి ఎక్కడికి పోతుంది?

రాయే ముందు పోయింది. ఒక వేసవిలో యంత్రాలు వచ్చాయి. నెలన్నర పాటు ఒకటే మోత. చివరికి కోడీ లేదు, గుడ్లూ లేవు. అంత లోతు గొయ్యి తవ్వారు. మరుసటి సంవత్సరం అత్తమ్మ కూడా వెళ్లిపోయారు.

పదోరోజుకు పటం కట్టించాలని మావారు ఫోటో అడిగారు. నా ఫోనులో పదకొండు వేల పైచిలుకు బొమ్మలున్నాయి. రాత్రంతా కూర్చుని వెతికాను. అందులో సగం ఎవరో పంపిన శుభోదయాలు, పండగ శుభాకాంక్షలు. ఇడ్లీలూ పూలకుండీలూ ఎన్నో ఉన్నాయి. అత్తమ్మ మాత్రం ఒక్క చోట దొరికారు. మా అమ్మాయి పుట్టినరోజున అందరం కేకు చుట్టూ నిలబడ్డాం. వెనకాల వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని ఆవిడ. సగం మొహం తలుపు చాటున. దాన్ని పెద్దది చేయిస్తే అలుక్కుపోయింది. చివరికి ఆధార్ కార్డులోని బొమ్మనే పెద్దది చేయించి గోడకు పెట్టుకున్నాం. అందులో ఆవిడ ఎవరినో చూసి భయపడినట్టుంటారు. మా అత్తమ్మ భయపడే మనిషి కాదమ్మా!

అంటే ఏమైంది? పదకొండు వేల ఫోటోలు తీసిన నేను, తీయవలసిన రెండింటినీ తీయలేదన్నమాట. ఆ తర్వాతే ఫోటో తీయడం నిజంగా నేర్చుకున్నాను. నేర్చుకున్నది మీకూ చెబుదామనే ఈ ప్రయత్నం.

ఫోటోలో ఆడవాళ్లు కనిపించకపోవడం మన ఊళ్లో ఈనాటిది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో రాజా దీన్‌దయాళ్ అని గొప్ప ఫోటోగ్రాఫరు ఉండేవారు. 1844లో మీరట్ దగ్గర పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఉద్యోగం చేస్తూ కెమేరా పట్టిన మనిషి. నిజాము ఆయనకు 'ముసవ్విర్ జంగ్' బిరుదు ఇచ్చారు. కోటలు, దర్బారులు, వేటలు, విందులు అన్నీ ఆయన తీశారు. కానీ ఘోషా స్త్రీలు పరాయి మగవాడి ముందు ఎలా కూర్చుంటారు? అందుకని 1892లో ఆయన హైదరాబాదులో జెనానా స్టూడియో తెరిచారు. ఆడవాళ్లకు మాత్రమే. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల ఫోటోలు తీసేదీ ఆడవాళ్లే. మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ దాన్ని నడిపేది. ఆ రోజుల్లో ఒక ఫోటో దిగాలంటే అంత ఏర్పాటు కావలసి వచ్చింది.

ఇప్పుడు గోడలు లేవు, ఘోషా లేదు, కెమేరా మన చేతిలోనే ఉంది. అయినా ఇంటి ఇల్లాలు ఫోటోలో ఎందుకుండదు? ఒకటి, తీసేది ఆవిడే కనుక. రెండు, "నా మొఖం ఏముందిలే" అనుకుంటుంది కనుక. ఈ రెంటికీ మందు ఉంది. చివర్లో చెబుతాను.

ముందు తీయడం ఎలాగో చూద్దాం.

మొట్టమొదటి పని, అద్దం తుడవడం. నవ్వకండి! మనం తాలింపు వేస్తూ ఫోను ఎత్తుతాం. నూనె చేయి వెనకవైపు కెమేరా అద్దానికి తగులుతుంది. ఫోటోలు పొగ పట్టినట్టు వస్తే ఫోను పాతదైందని అనుకుంటాం. ఉతికి మెత్తబడ్డ నూలుచీర ముక్క ఒకటి దగ్గర ఉంచుకోండి. తీసేముందు నెమ్మదిగా ఒక్కసారి తుడవండి. పట్టుచీర జరీ అంచుతో మాత్రం తుడవొద్దు, గీతలు పడతాయి.

రెండోది వెలుగు. ఫోటో అంటేనే వెలుగు. మనింట్లో అన్నిటికంటే మంచి దీపం ఏది? ట్యూబులైటు కాదు, కిటికీ. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టండి. కిటికీ ఆవిడకు ఒక పక్కగా ఉండాలి. ముఖంలో ఒక వైపు వెలుతురు, ఒక వైపు పలచని నీడ పడతాయి. గదిలో లైట్లు ఆర్పేయండి. ముడతలు కనిపిస్తాయే అని బెంగపడకండి, ఆ ముడతల్లోనే మనిషి ఉంటుంది. కిటికీ వీపు వెనక ఉంటే మాత్రం ముఖం నల్లగా పడుతుంది. బాల్కనీలో నిలబెట్టి ఆకాశంవైపు తిరిగి తీసే ఫోటోలు చెడిపోయేది ఇందుకే.

ఆరుబయట అయితే పొద్దున ఎనిమిది లోపల, సాయంత్రం అయిదు దాటాక. మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్ల కింద గుంటలు పడ్డట్టు నీడలు వస్తాయి. శ్రావణ భాద్రపదాల్లో మబ్బు పట్టిన రోజు చాలా మంచిది. మబ్బు ఆకాశానికి కట్టిన పలచని పంచెలాంటిది, వెలుగు వడగట్టి దింపుతుంది. ఆ రోజుల్లో పిల్లల్ని డాబామీదికి తీసుకెళ్లండి.

మూడోది, దూరం. ఫోను తెరను రెండు వేళ్లతో సాగదీసి దగ్గరికి తెచ్చుకుంటాం. అలా సాగదీస్తే పిండి పలచన చేసిన దోసెలా బొమ్మ పలచబడుతుంది. వస్తువైతే, పువ్వైతే మనమే రెండడుగులు ముందుకు వేయాలి. మనిషి ముఖానికి మాత్రం మరీ దగ్గరికి పోకండి. అడుగు దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా కనిపిస్తాయి. నాలుగైదు అడుగుల దూరంలో నిలబడండి. "ఫోటోలో నేను బాగుండను" అనేవాళ్లలో చాలామందిని చెడగొట్టింది వాళ్ల ముఖం కాదు, తీసినవాళ్లు నిలబడ్డ చోటు.

నాలుగోది. తెరమీద ముఖాన్ని వేలితో ఒకసారి తాకండి. చిన్న గడి వస్తుంది. చాలా ఫోన్లలో దాని పక్కనే సూర్యుడి గుర్తు కూడా వస్తుంది. దాన్ని పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. తెల్లచీర, మల్లెపూలు, ముగ్గు తీసేటప్పుడు ఫోను కంగారుపడి బొమ్మని బూడిద రంగు చేస్తుంది. అప్పుడు కొంచెం పైకి జరపండి. దీపాలు తీసేటప్పుడు కొంచెం కిందికి. ఉప్పు సరిచూసుకున్నట్టే, రెండుమూడుసార్లు చేస్తే చేతికి తెలిసిపోతుంది.

అయిదోది, ఎత్తు. పిల్లల్ని మనం నిలబడి పైనుంచి తీస్తాం. నేలమీద కూర్చుని వాళ్ల కళ్లకు సమానంగా తీసి చూడండి, ఎంత తేడానో! బతుకమ్మ ఆటకు ఇది తిరగబడుతుంది. మా అపార్ట్‌మెంటు కింద ఏటా బతుకమ్మలు పేర్చి ఆడతాం. నేలమీద నుంచి తీస్తే చీరల అంచులే వస్తాయి. మొదటి అంతస్తు మెట్లమీదికి ఎక్కి తీస్తే చుట్టూ తిరిగే ఆడవాళ్లు, మధ్యలో తంగేడు, గునుగు, బంతిపూల బతుకమ్మలు, అన్నీ ఒకే చక్రంలా పడతాయి. బాగా చీకటి పడకముందే తీయండి. ఆకాశంలో ఇంకా కాస్త నీలం ఉన్నప్పుడు దీపాలూ కనిపిస్తాయి, మనుషులూ కనిపిస్తారు.

రాత్రి ఫోటోలకు ఫ్లాషు వాడకండి. ఫోను ఫ్లాషు వెలుగు అయిదారు అడుగులు దాటదు. దూరాన ఉన్నదానికి అది చేరదు, దగ్గరున్న ముఖాన్ని సున్నం కొట్టినట్టు చేస్తుంది. ఫోనును పిట్టగోడకో, కుర్చీ వీపుకో ఆనించి, మూడు సెకన్ల టైమరు పెట్టి వదిలేయండి. చేయి వణుకు తగలదు, బొమ్మ స్పష్టంగా వస్తుంది.

సరే, ఇవన్నీ ఎక్కడ అభ్యాసం చేయాలి? మన సైబరాబాదు చుట్టుపక్కలే బోలెడు చోట్లున్నాయి. పైగా మెట్రో వచ్చాక ఎవరినీ తోడు అడగనక్కర్లేదు. 2019 మార్చి 20న అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా, ఆ నవంబరు 29న రాయదుర్గం దాకా రైలు మొదలైంది.

ముందు చూడటం నేర్చుకోవాలంటే మాదాపూర్ కావూరి హిల్స్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి. 2015లో మన హైదరాబాదులో ఇండియన్ ఫోటో ఫెస్టివల్ అని మొదలైంది. ఇటీవలి సంవత్సరాల్లో ఈ గ్యాలరీలోనే జరుగుతోంది, నవంబరు ప్రాంతాల్లో మొదలై కొన్ని వారాలు ఉంటుంది. ప్రదర్శనకు టిక్కెట్టు లేదు. దేశదేశాల వాళ్లు తీసిన ఫోటోలు గోడల నిండా ఉంటాయి. తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి పేపర్లో చూసి వెళ్లండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకు అర్థమైంది ఒకటే. అక్కడ ఉన్నవాటిలో నాకు నచ్చినవన్నీ రాజభవనాలు, సూర్యాస్తమయాలు కావు. ఎవరో ముసలమ్మ మంచంమీద కూర్చుని ఉంది, ఎవరో తల్లి బిడ్డకు తల దువ్వుతోంది. ఇవి మనింట్లో లేవా?

అలాగే ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం. 1839లో ఆ రోజునే ఫ్రాన్సు ప్రభుత్వం ఫోటో తీసే విధానాన్ని లోకానికంతటికీ బహిరంగంగా ప్రకటించింది. ఆ వారంలో ఊళ్లో ప్రదర్శనలూ పోటీలూ ఉంటాయి, చూస్తూ ఉండండి.

రంగుల కోసం శిల్పారామం ఉండనే ఉంది. కుండలు, నేతచీరలు, లక్కబొమ్మలు. అంగళ్ల పందిరి కింద వెలుగు మెత్తగా ఉంటుంది, మధ్యాహ్నం కూడా తీయవచ్చు. ఒక్క మాట. కుమ్మరివాళ్లనైనా, నేతవాళ్లనైనా ముందు అడిగి తీయండి. "అన్నా, ఒక ఫోటో తీసుకోనా?" అంటే కాదనేవాళ్లు తక్కువ. తీశాక వాళ్లకు చూపించండి. పరాయి పిల్లల ఫోటోలు తీసి అందరికీ పంపకండి. మన పిల్లలవి ఎవరో అలా పంపితే మనకెలా ఉంటుంది?

సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి గారు ప్రారంభించారు. ఆనాటి ఫోటోలు మీరూ చూసే ఉంటారు. గుండ్రటి మేడ ఒక్కటే, చుట్టూ రాళ్లూ రప్పలూ. ఇప్పుడు అదే చోట నిలబడితే ఆ మేడ కోసం వెతుక్కోవాలి. ఆనాడు ఎవరో ఆ రాళ్లను కూడా కలిపి తీశారు కాబట్టి మనకు తెలిసింది. అద్దాల మేడల్ని తీసేటప్పుడు మేడనే కాదు, అద్దంలో కనిపించే మబ్బునూ చెట్టునూ చూడండి. సాయంత్రం ఒక మేడ మీది ఎండ ఎదుటి మేడ అద్దాల్లో పడి బంగారంలా ఉంటుంది. ఆఫీసుల గేట్ల లోపలికి ఫోను చాచకండి, కాపలావాళ్లు వద్దంటారు. అది వాళ్ల పని. బయట ఫుట్‌పాత్ మీంచి చాలు.

దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరు 25న మొదలైంది. రాత్రి రంగురంగుల దీపాలు చూడటానికి అందరూ వెళతారు. వంతెనమీద వాహనాలు పోయే దారిలో నిలబడి సెల్ఫీలు తీసుకోవడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. అసలు వంతెన అందం వంతెనమీద నుంచి కనిపించదమ్మా, చెరువు గట్టున ఉన్న నడకదారి నుంచి కనిపిస్తుంది. పొద్దుగూకిన పావుగంటకు వెళితే పైన ఒక వంతెన, నీళ్లలో ఒక వంతెన. గోల్కొండ నవాబుల కాలంలో కోటకు ఈ చెరువు నీళ్లే వెళ్లేవట. ఆ చెరువు పక్కన నిలబడి మనం వంతెన ఫోటో తీస్తున్నామని ఒక్క క్షణం తలుచుకోండి.

ఇక రాళ్లు. మన హైదరాబాదు బండల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. వాటిని కాపాడాలని 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంస్థ ఏర్పడింది. రాళ్ల దగ్గరికి నడకలు కూడా ఏర్పాటు చేస్తూ వచ్చింది. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో పుట్టగొడుగు ఆకారంలో పెద్ద బండ ఉంది. ఖాజాగూడ గుట్టలున్నాయి. అంత వయసున్న వాటికి నెలన్నర చాలు, పొడి కావడానికి. మా పొదిగే కోడి సంగతి విన్నారుగా! కాబట్టి మీ ఇంటి ఎదురుగా ఒక రాయి ఉంటే, ఒక పాత వేపచెట్టు ఉంటే, ఒక ఇరానీ చాయ్ కొట్టు ఉంటే, అది రేపు ఉండదనుకునే ఇవాళ తీయండి.

దీనికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి నెలా ఒకటో తారీఖున, పాలవాడికి లెక్క చూసే రోజున, మా బాల్కనీలో అదే మూల నిలబడి, పిట్టగోడమీద అదే చోట ఫోను ఆనించి ఒక్క ఫోటో తీస్తాను. చోటు మరిచిపోకుండా గోడమీద పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాను. ఇప్పటికి ముప్పై దాటాయి. వరసగా చూస్తే గొయ్యి, పునాది, ఒక్కొక్క అంతస్తు, క్రేను, అద్దాలు. ఒక ఊరు పెరగడం కళ్లకు కడుతుంది. మొదటి ఫోటో ఒక్కటే లేదు, కోడి ఉన్నది.

తీయడం సగం పనే. దాచుకోవడం మిగతా సగం. రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన తీసిన గాజు పలకలు రెండు వేల ఎనిమిది వందల పైచిలుకు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మన ఫోను బకెట్టులో పడితే, ఆటోలో మరిచిపోతే, ఏమున్నట్టు? అందుకని మూడు పనులు చేయండి.

ఒకటి, ఏరడం. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వారానికొకసారి పావుగంట కూర్చుని పనికిరానివి తీసేయండి. శుభోదయాలన్నీ ముందు పోవాలి. ఒకే భంగిమలో ఆరు ఉంటే ఒక్కటి చాలు.

రెండు, వేరే చోట నకలు పెట్టడం. కంప్యూటర్‌లోనో, హార్డ్ డిస్కులోనో పెట్టించండి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే రెండు నిమిషాల్లో చేస్తారు. మరో సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. అచ్చు వేయించడానికి పంపేదాన్ని డాక్యుమెంటుగా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

మూడు, అచ్చు వేయించడం. ఏడాదికి పన్నెండు ఫోటోలు, నెలకొకటి. పోస్టుకార్డు సైజుకు పెద్ద ఖర్చేమీ కాదు. జిగురు పేజీల ఆల్బం కొనకండి, కొన్నేళ్లకు పసుపు పడుతుంది, ఫోటో ఊడిరాదు. జేబుల్లాంటి పేజీలున్నది కొనండి. ప్రతి ఫోటో పక్కన చిన్న కాగితంమీద ఎవరు, ఎక్కడ, ఏ తేదీ అని రాసి పెట్టండి. మనకు తెలుసులే అనుకుంటాం. మన మనవలకు తెలియదు.

ఇంట్లో పాత ఫోటోలుంటే అవీ ఇప్పుడే కాపాడుకోండి. కిటికీ దగ్గర బల్లమీద పరిచి, ఫోను నిటారుగా పైన పట్టుకుని, ఫ్లాషు లేకుండా ఒక్కొక్కటీ తీయండి. పటంలో ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి, రంగంతా అద్దానికే వచ్చేస్తుంది. అద్దంతో సహా తీసేయండి. మెరుపు పడకుండా పక్కన నల్లగుడ్డ అడ్డం పట్టుకుంటే సరిపోతుంది.

ఇక మొదట్లో చెబుతానన్న మందు సంగతి.

మన దేశంలో మొట్టమొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరుగా పేరు పొందినావిడ హోమై వ్యారవాలా. 1913లో గుజరాత్‌లోని నవసారిలో పుట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఢిల్లీలో మగవాళ్ల గుంపుల మధ్య బరువైన కెమేరా మోసుకుంటూ నెహ్రూగారి లాంటి పెద్దలందరినీ తీశారు. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది, మరుసటి సంవత్సరం కన్నుమూశారు. అంత బరువు మోసి ఒక ఆడమనిషి దేశాన్నే తీయగలిగినప్పుడు, నూటయాభై, రెండు వందల గ్రాముల ఫోను పట్టుకుని మన ఇంటిని మనం తీయలేమా? తీయగలం. మరి మనల్ని ఎవరు తీయాలి?

కిందటేడు మా ఆల్బం చూస్తూ మా అమ్మాయి అడిగింది. "అమ్మా, ఇందులో నాన్న ఉన్నాడు, నేనున్నాను, తాతయ్య పటం ఉంది, ఆఖరికి ఎదురు బిల్డింగు కూడా ఉంది. నువ్వేవి?" అని. తిప్పి తిప్పి చూశాను. పన్నెండింట్లో ఒక్కదాంట్లోనూ లేను. అత్తమ్మ గుమ్మంలో గరిటె పట్టుకుని సగమైనా కనిపించారు. నేను అది కూడా లేను. ఎందుకంటే ఫోను నా చేతిలో ఉంది.

ఆ రోజే ఫోను దాని చేతికిచ్చాను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకోబోయి ఆగాను. అత్తమ్మ గుర్తొచ్చారు. కిటికీ పక్కన కూర్చుని, చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉన్నాను. జుట్టు రేగి ఉంది, ఇంట్లో కట్టుకునే చీరే. అది నాలుగు అడుగుల దూరంలో నిలబడి తీసింది. నేను నేర్పిందేగా! ఫోటో ఎంత బాగా వచ్చిందో అని చెప్పను. నేను నాలాగే ఉన్నాను. అంతే కావలసింది.

అందుకని మీకు ఈ వారం ఒక చిన్న పని పెడుతున్నాను. మూడంటే మూడే ఫోటోలు. ఒకటి, మీ ఇంట్లో పెద్దావిడది. అమ్మ కావచ్చు, అత్తగారు కావచ్చు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఊళ్లో సంగతులు అడుగుతూ తీయండి. "నా మొఖం ఏముందే" అంటారు. "మాకు కావాలి" అని చెప్పండి. నేను ఆ మాట అత్తమ్మతో అనలేదు. రెండోది, మీ బాల్కనీలోంచో, గుమ్మంలోంచో రోజూ కనిపించేది. మూడోది మీది. ఫోను పిల్లల చేతికో, మీవారి చేతికో ఇచ్చి, నాలుగు అడుగుల దూరంలో నిలబడమనండి. తీయడం రాదంటే ఇవాళ నేను చెప్పింది వాళ్లకు చెప్పండి.

ఈ మూడూ అచ్చు వేయించి, పేరూ తేదీ రాసి పెట్టుకోండి. ఎప్పుడో ఒక రోజు మన పిల్లలు ఫోటో కోసం రాత్రంతా వెతుక్కోనక్కర లేకుండా ఉంటుంది.